సోఫా కలిసిరాలేదని నాటకానికి వెళ్ళాం

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను గచ్చిబౌలి దగ్గర ఒక హాలుకి లాక్కెళ్ళింది. ఎప్పటిదో పాత చారిత్రక నాటకానికి దుమ్ము దులిపి మళ్ళీ ఆడుతున్నారట, నీకిష్టం కదమ్మా రా అని. మా ఆయన రానన్నాడు. నాటకం పేరెత్తితే చాలు, ఆయనకి నడుం నొప్పి వచ్చేస్తుంది. నాటకం బాగానే ఉంది. అయిపోగానే ఎవరూ లేవకండి అన్నారు, స్టేజీ మీద వరసగా కుర్చీలు వేశారు, నటులు వేషాలతోనే వచ్చి కూర్చున్నారు. కుర్రాళ్ళు మైకు పుచ్చుకుని ఒకరి తర్వాత ఒకరు, ఈ పాత్రలోకి ఎలా వెళ్ళారు, ఎలా బయటికొచ్చారు అని అడగడం మొదలుపెట్టారు. ఆ కుర్చీల వరస చూసేసరికి నాకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగదే! మా అమ్మాయి తొడ మీద గిల్లి, "ఏంటమ్మా, అందరూ చూస్తున్నారు" అంది. ఏం చెప్పను దానికి? ఆ నటుల్ని ఎవరూ గోత్రం అడగలేదు, ఇంటిపేరు అడగలేదు, పాపం ఒక్కరూ ఓ సున్నుండ పెట్టిన పాపాన పోలేదు. ఇదేం ముఖాముఖి అనిపించింది నాకు. నేను చూసిన మొదటి ముఖాముఖిలో ఇవన్నీ జరిగాయి మరి.

అప్పటికి మేం చందానగర్‌లో ఉండేవాళ్ళం. నాన్నది ప్రభుత్వోద్యోగం, గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి యాదమ్మగారి ఇంట్లో వెనక వాటా కిరాయికి తీసుకున్నాం. బొంబాయి రోడ్డు మీద లారీ వెళ్తే మా గూట్లో గ్లాసులు గలగలలాడేవి. ఆదివారం పొద్దున ఇంట్లో వాసనలు ఒక వరసలో వచ్చేవి. ముందు నాయనమ్మ కాఫీ డికాక్షన్, తర్వాత కుంకుడుకాయల పులుసు, ఆ తర్వాత నాన్న గడ్డం సబ్బు. ఏ ఆదివారమైనా వీటి వెనకే అమ్మ మినప్పప్పు వేయిస్తున్న కమ్మటి వాసన వచ్చిందంటే నా గుండె జారిపోయేది. మా ఇంట్లో సున్నుండలు పండక్కి చేసేవాళ్ళు కాదు, పెళ్ళిచూపులకి చేసేవాళ్ళు. ఆ వాసన వస్తే సాయంత్రం ఎవరో వచ్చి మా సోఫా మీద కూర్చుంటారని అర్థం.

ఆ సోఫా సంగతి చెప్పాలి. మెరూన్ రంగు రెక్సిన్‌ది, కూర్చోగానే ఉస్సురనేది. దాని మీద కూర్చుని సున్నుండలు తిన్న ఏ పెళ్ళివారూ మళ్ళీ మొహం చూపించలేదు. లోపం నా ఉద్యోగంలో ఉందని నాన్న, నా నోట్లో ఉందని అమ్మ, ఇద్దరూ వాదించుకునేవాళ్ళు. నాయనమ్మ మాత్రం సోఫాలోనే ఉందని తేల్చేసింది. "దాని మీద కూచుంటే మనిషి వెనక్కి పడతాడ్రా. మనిషి వెనక్కి పోతే సంబంధం ముందుకెట్టా వస్తది?" అనేది. మా ఇంట్లో నాయనమ్మ మాటకి తిరుగులేదు, ఒక్క విషయంలో తప్ప. ఆ ఒక్క విషయంలో నాన్న ఆమెనీ లెక్కచేసేవాడు కాదు. నాటకాల పిచ్చి ఉన్నవాడు తన గడప తొక్కకూడదు, అంతే.

దానికి కారణం మా తాతయ్య. ఆయన్ని నేను చూడలేదు. కోతలు వదిలేసి, కుప్పలు వదిలేసి, రంగు పూసుకుని ఊరూరా రాజు వేషాలు కట్టాడట. నాయనమ్మే గేదెల్ని మేపి, పాలు పోసి నాన్నని చదివించింది. నాన్న పరీక్ష రాయడానికి వెళ్తే వాళ్ళ నాన్న ఎక్కడో పక్క తాలూకాలో సింహాసనం మీద ఉండేవాడు. అందుకే మా ఇంట్లో రేడియోలో హార్మోనియం మోగితే నాన్న చెవిలో ఎవరో సూది గుచ్చినట్టు లేచి కట్టేసేవాడు. సంబంధం తెచ్చిన వాళ్ళని జీతం తర్వాత అడిగేవాడు, ముందు "అబ్బాయి వేషాలు గట్రా వెయ్యడు కదండీ?" అని అడిగేవాడు. వాళ్ళు ఈయన అడిగేది వేరే వేషాల గురించనుకుని చిన్నబుచ్చుకునేవాళ్ళు.

ఇక నా సంగతి. మాదాపూర్ వైపు బండరాళ్ళ మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడల్లో ఒకదాంట్లో ఉద్యోగం నాది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తలకిందులవుతాయని, తేదీలు సరిచేసే పని. కంపెనీ బస్సు చందానగర్‌లో నన్ను ఎక్కించుకునేది. అదే బస్సులో నా వెనక సీట్లో శేఖర్ అని కడప అబ్బాయి. తాటిచెట్టంత మనిషి, దానికి తగ్గ మీసం. కొండాపూర్ గతుకుల్లో అతని మోకాళ్ళు నా సీటుని పొడవడం, నేను తిట్టడం, అతను సారీ చెప్పడం. ఇలా తిట్టుకుంటూ తిట్టుకుంటూ ఒకరోజు, పెళ్ళంటూ చేసుకుంటే ఈ మనిషినే చేసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. అతనికి అంతకుముందే అనిపించిందట, చెప్పడానికి భయపడ్డాడట. కానీ ఇంట్లో చెప్తే కొంప కొల్లేరు కాదూ! అందుకని ఇద్దరం కలిసి సంబంధాన్ని పెద్దల నోట పలికించాం. శేఖర్ వాళ్ళ నాన్న ప్లాట్ల వ్యాపారం చేసేవాడు, పుప్పాలగూడలో యాదమ్మగారి పుట్టింటి పొలం బేరం ఆయన ద్వారానే కుదిరింది. అటునుంచి శేఖర్ నరుక్కొచ్చాడు. కులం, ఈడు, చదువు అన్నీ కుదిరాయి. యాదమ్మగారు ఈ సంబంధం తనే కనిపెట్టాననుకుంది, మేం అనుకోనిచ్చాం.

"పిలగాడు బంగారం అమ్మా. ఏ అలవాటు లేదు. ఆఫీసు, ఇల్లు, గంతే. జర ఒక్కసారి చూడుండ్రి, నచ్చకుంటే ఫికర్ లేదు" అని ఆమె మా గుమ్మంలో నిలబడి చెప్తుంటే నేను లోపల తలుపుకి చెవి ఆనించి విన్నాను. నాయనమ్మ ఒకటే షరతు పెట్టింది, ఈసారి సోఫా వద్దు. సరిగ్గా అప్పుడే మా కంపెనీ ఉద్యోగుల కుటుంబాలకి ఒక ఆహ్వానం పంపింది. ఆదివారం మధ్యాహ్నం కంపెనీ హాల్లో పాత చారిత్రక నాటకం, దాని తర్వాత నటులతో ముఖాముఖి, ప్రేక్షకులు ప్రశ్నలు అడగవచ్చు. నాటకం పేరు రాయను. ఆ నాటక సమాజం వాళ్ళు ఇంకా ఉన్నారు, నన్ను బతకనివ్వరు. శేఖర్ వాళ్ళమ్మ, అందరం ఆడికే వస్తాం, ఆడనే చూసుకుందాం అని కబురు పెట్టింది. నేను కార్డు చదివి వినిపిస్తే నాయనమ్మ మొహం వెలిగిపోయింది. "ఏం ముందుచూపే మీ కంపెనీకి! కుర్చీలేసి, మైకిచ్చి, అడగాల్సినవన్నీ అడగమంటున్నారు. ఇంతకంటే పద్ధతిగా పెళ్ళిచూపులు ఎవరు జరిపిస్తారు?" అంది. అది నటుల కోసమే నాయనమ్మా అంటే, "నటులతో పాటు అబ్బాయినీ ఓ కుర్చీలో కూచోబెడతార్లే" అని కొట్టిపారేసింది. నాన్న రానంటే రానన్నాడు. "నిన్ను నాటకం ఎవడు చూడమన్నాడ్రా? అబ్బాయిని చూడు" అంది. చివరికి నాన్న జేబులో అబ్బాయి ఫోటో, చంకలో పేపరు పెట్టుకుని బయల్దేరాడు.

అసలు పిడుగు శుక్రవారం బస్సులోనే పడింది. "పద్మజా, ఒక మాట చెప్తా, తిట్టగాకు. ఆ నాటకంలో నేనుండా" అన్నాడు శేఖర్. సైనికులకి మనుషులు చాలక ఆఫీసులో పొడుగ్గా, మీసంతో ఉన్నవాళ్ళని పట్టుకుపోయారట. "డైలాగుందా?" అన్నాను పళ్ళు నూరుతూ. "ఒగటి గూడా లేదు. ఈటె పట్టుకోని నిలబడల్ల, రాజు చచ్చిపోతే ఈటె దించల్ల, అంతే. శిరస్త్రాణం ఉంటాది, ఎవురూ గుర్తుపట్టరు. అయిపోతానే మొగం కడుక్కోని వచ్చి మీ నాయన పక్కన కూచ్చుంటా" అన్నాడు. నా పెళ్ళి ఒక ఇనప టోపీ మీద ఆధారపడిందన్న మాట! మొక్కని దేవుడు లేడు ఆ రెండు రోజులూ.

ఆదివారం కంపెనీ బస్సు వచ్చి మమ్మల్నీ, యాదమ్మగారినీ ఎక్కించుకుంది. "గా రాళ్లల్ల నాటకం ఎవరికాడ్తరు, మేకలకా?" అని ఆమె దారంతా పరేషాన్. హాల్లో శేఖర్ వాళ్ళమ్మా నాన్నా మాకు సీట్లు ఆపి ఉంచారు. అబ్బాయేడండీ అంటే, ఏదో పనుండి లోపలికి పోయినాడు, వస్తాడు అన్నారు. తెర లేచింది. సైనికుల్ని ఒక్కొక్కరినే వెతికాను. శేఖర్ లేడు. హమ్మయ్య, మానేశాడు అనుకుంటుండగా రాణి ప్రవేశించింది. రాజు కంటే ఒక తలకాయంత ఎత్తుంది. పచ్చ పట్టుచీర, నడుముకి వడ్డాణం, కళ్ళ కింద నుంచి గడ్డం దాకా గట్టిగా బిగించిన కొంగు. చీర కుచ్చిళ్ళ కింద నల్లటి ఆఫీసు బూట్లు. ఆ బూట్లు నాకు తెలుసు. రోజూ నా సీటుని తన్నే బూట్లు అవి.

తర్వాత తెలిసిన సంగతి ఇది. రాణి వేషం కట్టే పెద్దాయన మెహదీపట్నంలో ఆటోల వాళ్ళని బతిమాలుతూ ఉండిపోయాడు. ఆ రాళ్ళలోకి రామని ఒక్క ఆటో కదల్లేదట. తెర లేచే వేళ అవుతుంటే, రిహార్సళ్ళన్నిట్లో ఈటె పట్టుకుని నిలబడ్డ శేఖర్‌కి కథ తెలుసు కదా అని చీర చుట్టేశారు. మీసం తీసెయ్యమన్నారు. అతను ససేమిరా అన్నాడు. నిక్షేపంలాంటి తండ్రిని హాల్లో కూర్చోబెట్టుకుని, పెళ్ళిచూపుల రోజున మీసం తీస్తే వాళ్ళమ్మ ఊరుకుంటుందా? అందుకని కొంగు బిగించారు. పద్యాలు రావు కాబట్టి రాణి పద్యాలన్నీ హార్మోనియం ఆయనే పాడాడు. ఆయనది గిత్త రంకేసినట్టుండే గొంతు. రాణి కొంగు చాటున తలూపుతుంటే పక్కనుంచి ఆ గొంతు రాగం తీసేది.

నాయనమ్మ నిటారుగా కూర్చుంది. "మగాడే. ఆడవేషం కట్టడం ఎన్ని చూశాను! కానీ ఇంత అన్యాయంగా నడిచినవాణ్ణి చూళ్ళేదు. వడ్ల బస్తా మోస్తున్నట్టున్నాడు" అంది. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అయితే కాసేపటికి ఒక విచిత్రం గమనించాను. పేపరు వెనక నాన్న పెదవులు కదులుతున్నాయి, స్టేజీ మీది మాటల కంటే ఒక మాట ముందుగా. చిన్నప్పుడు తాతయ్య ఇంట్లో వల్లెవేస్తుంటే విన్న నాటకమన్నమాట ఇది! కోట ముట్టడి రంగంలో రాణి రాజుకి పౌరుషం ఎక్కించాలి. రాణి చెయ్యెత్తింది, ఆగిపోయింది. తెర పక్కనుంచి మాటలు అందించే ఆయన పుస్తకంలో పేజీలు తిరగేస్తున్నాడు. అప్పుడు నా పక్కనుంచి, పేపరు వెనక నుంచి, ఖంగుమని ఒక గొంతు: "కోట పోతే కట్టుకుంటాం, మాట పోతే ఎక్కడ కట్టుకుంటాం ప్రభూ!" హాలు చప్పట్లతో మోగిపోయింది. నాన్న సీట్లోకి కుంగిపోయి, పేపరు నెత్తి మీద కప్పుకున్నాడు.

రాజు చచ్చిపోయాడు, తెర పడింది, మళ్ళీ లేచింది. కుర్చీలు వేశారు. "అదిగో, ఇక మొదలు" అని నాయనమ్మ స్టీలు డబ్బా మూత తీసి యాదమ్మగారి చేతికిచ్చింది. ఆమె జంకూ గొంకూ లేకుండా స్టేజీ ఎక్కి, రాజు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఒక్కో సున్నుండ పెట్టింది. రాణి కొంగు కింద నుంచి నోట్లో వేసుకుంది. కంపెనీ తరఫున మైకు పట్టుకున్న అమ్మాయి బిత్తరపోయి చూస్తోంది. ఇంతలో ముందు వరసలో గడ్డం ఉన్న విమర్శకుడొకాయన లేచి, "రాణి ముఖాన్ని ఆసాంతం కప్పి ఉంచారు. ఇది చరిత్ర స్త్రీ గొంతుని నొక్కేసిందనడానికి ప్రతీకగా భావించవచ్చా?" అని అడిగాడు. రాజు వేషంలో ఉన్నాయనే దర్శకుడు కూడా. సున్నుండ గుటుక్కున మింగి, గంభీరంగా తలాడించి, "సరిగ్గా పట్టుకున్నారు. ఆరు నెలలు ఆలోచించాను దీని గురించి" అన్నాడు.

శేఖర్ వాళ్ళమ్మకి ఒళ్ళు మండింది. దిగ్గున లేచింది. "ప్రతీకా లేదు, ఏం లేదు సార్! మావోనికి మీసముంది, అందుకే కప్పినారు. వాళ్ళ నాయన గుండ్రాయి మాదిరి ఈడ కూచ్చోనుంటే వాడు మీసం యాల తీయల్ల? రేయ్ శేఖరా, తియ్‌రా ఆ కొంగు!" తల్లి మాట జవదాటని బిడ్డ, కొంగు దించాడు. చెమటకి రంగు కారి, ముక్కుపుడక కింద కోరమీసంతో మహారాణి దర్శనమిచ్చింది. హాలు ఘొల్లుమంది. నేను నవ్వలేదు. నేను నాన్న వైపే చూస్తున్నాను. నాన్న నెమ్మదిగా జేబులోంచి ఫోటో తీశాడు. ఫోటో చూశాడు, రాణిని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. ఫోటో జేబులో పెట్టేసి లేచి నిలబడ్డాడు. "పదండి" అన్నాడు. నేను స్టేజీ వైపు చూశాను. స్టేజీ మీద శేఖర్ కూడా నన్నే చూస్తున్నాడు. ఆ కాటుక కళ్ళలో నీళ్ళు తిరిగాయో, రంగు పడిందో ఇప్పటికీ తేల్చి చెప్పడు.

"కూచోరా" అంది నాయనమ్మ. మైకు అమ్మాయి చేతిలోంచి మైకు లాక్కుంది. "ముందు అడగాల్సినవి అడగనీ. బాబూ, మీ గోత్రమేంటి?" రాణి లేచి చేతులు కట్టుకుని గోత్రం చెప్పింది. "ఇంటిపేరు? అన్నదమ్ములెంతమంది?" అన్నిటికీ వినయంగా జవాబులొచ్చాయి. హాలు చెవులు రిక్కించి వింటోంది. "ఇప్పుడు సరిగ్గా చెప్పు. పెళ్ళాన్నీ ఇంటినీ గాలికొదిలేసి నాటకాలు పట్టుకు తిరుగుతావా?"

"తిరగనవ్వా. నాకు నటన రాదు. ఈటె పట్టుకోనీకి పిలిస్తే వచ్చినా" అన్నాడు శేఖర్.

"రాదని నువ్వంటే ఎట్టా? చూసినోళ్ళు చెప్పాలి" అని నాయనమ్మ హాలు వైపు తిరిగింది. "అయ్యా, మీరు చెప్పండి. ఈ కుర్రాడికి నటన వచ్చా?" "రాదండీ!" అని ఏకకంఠంతో హాలు. విమర్శకుడు మళ్ళీ లేచి, మీసం సంగతి తెలిశాక తన అభిప్రాయం మార్చుకుంటున్నానని చెప్పాడు. వెనక తలుపు దగ్గర ఎవరో కేకేశారు. అసలు రాణి! మేకప్ పెట్టెతో, చెమటలు కక్కుతూ, ఆఖరి రెండు రంగాలూ వెనక నిలబడి చూశాడట. "రాకపోవడం కాదమ్మా! ముప్పయ్యేళ్ళుగా కన్నబిడ్డలా పెంచుకున్న పాత్రని హత్య చేశాడు! నాటకం పరువు నిలబెట్టింది ఆ పేపరు వెనకాయన ఒక్కడే!"

నాన్న నిలబడే ఉన్నాడు. మెల్లిగా గొంతు సవరించుకుని రాజుగారిని అడిగాడు. "మీరు అనుభవజ్ఞులు. ఒట్టు పెట్టి చెప్పండి. నేర్పిస్తే వస్తుందంటారా?" రాజుగారు శేఖర్‌ని పైనుంచి కిందిదాకా చూసి, నెత్తి మీది కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఈ జన్మలో రాదండి" అన్నాడు. నాన్న మొహంలో నేను ఎన్నడూ చూడని వెలుగొచ్చింది. శేఖర్ వాళ్ళ నాన్న వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. "అయితే ముహూర్తం చూద్దామండీ, బావగారూ" అన్నాడు. నేను ఏడ్చేశాను. సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ, మా ఆఫీసు వాళ్ళందరి ముందూ ఏడ్చాను. యాదమ్మగారు మిగిలిన సున్నుండలు విమర్శకుడికి కూడా పంచింది.

ఇప్పుడు పిల్లలు ఫోన్లో బొమ్మలు చూసుకుని, కాఫీ తాగి, తామే తేల్చుకుంటున్నారు. మంచిదే. మేం ఆడిన దొంగాటకాలు వాళ్ళకి అక్కర్లేదు. ఆ రాళ్ళూ లేవు, ఆటోలు ఇప్పుడు పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడుతున్నాయి. కానీ మొన్న ఆ హాల్లో గంటసేపు ప్రశ్నలు విన్నాను, ప్రతివాళ్ళూ అద్భుతం అన్నవాళ్ళే, అమోఘం అన్నవాళ్ళే. మంత్రి వేషం వేసినవాడు కట్టెలా నిలబడ్డాడు, వాడికీ అద్భుతమే. నీకిది రాదు నాయనా అని మొహం మీద చెప్పేవాళ్ళు కరువైపోయారు. మా రోజుల్లో ఒక హాలు నిండా మనుషులు ఆ మాట చెప్పబట్టే నా పెళ్ళయింది.

ఆ సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే నాయనమ్మ నా పక్కన కూర్చుంది. నాన్న ముందు సీట్లో యాదమ్మగారికి నాటకం కథ చెప్తున్నాడు, చేతులు ఊపుతూ. నాయనమ్మ కళ్ళు కొడుకు మీదే ఉన్నాయి. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి, "మీ తాతయ్యకీ రాదే, నటన" అంది.

"నిజంగానా?"

"ఒక్క ముక్క రాదు. చెయ్యి ఇటూపితే కాలు అటు పోయేది. ఊళ్ళో ఒక్కళ్ళన్నా లేచి, అయ్యా నీకు రాదు, ఇంటికి పో అని చెప్పినోడు లేడు. ఇయ్యాళ ఈ పిల్లాడికి చెప్పినట్టు చెప్పుంటే, పిచ్చిమారాజు, భోజనం వేళకి ఇంటికొచ్చేవాడు" అంది. కళ్ళు తుడుచుకుంది.

"మరి నువ్వైనా చెప్పలేకపోయావా నాయనమ్మా?"

"నేనెట్టా చెప్పనే?" అంది. "ముందు వరసలో కూచుని వన్స్‌మోర్ అని అరిచింది నేనేగా."